మేష్టారికి లేని అవయవం

ఆ స్కానింగ్ సెంటర్లో రిపోర్టులు టైపు చేసే మనిషికి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉంది గాని, హాజరు పట్టీలో తప్ప అది ఇంకెక్కడా కనిపించేది కాదు. అందరికీ అతను మెయిలు. చిన్న స్టేషన్లలో ఆగకుండా దూసుకుపోయే రైలుంటుందే, ఆ మెయిలు. పడుచువయసులో టైపు నేర్చుకునేటప్పుడు ఇన్‌స్టిట్యూట్ మేష్టారు పెట్టిన పేరది. అప్పటి నుంచి అతను ఎక్కడికి వెళ్ళినా ఆ పేరే ముందు వెళ్ళి కూర్చునేది. తనంతట తాను ఎవరికీ చెప్పుకోలేదని అతను అంటాడు గాని, పరిచయమైన అయిదు నిమిషాల్లో ఎదుటివాళ్ళకి ఆ సంగతి ఎలాగో తెలిసిపోయేది.

అతని గది సెంటరు వరండా చివర ఉంటుంది. స్కాన్ గదికీ దానికీ మధ్య పల్చటి గోడ. వరండా వైపు ఒక అద్దం కిటికీ, ఆ అద్దానికి అడుగున రిపోర్టు కవరు పట్టేంత సందు. బయట ఇనప కుర్చీల్లో జనం, చేతుల్లో నీళ్ళ సీసాలు. మూత్రాశయం నిండేదాకా తాగి బిగబట్టుకు కూర్చోమంటారు కాబట్టి అక్కడ ఎవరి ముఖంలోనూ ప్రశాంతత ఉండదు. అలాంటి వాళ్ళు కూడా లోపలి టకటకలు విని ఒక్క క్షణం తమ బాధ మరిచిపోయి అద్దంలోంచి తొంగిచూస్తారని అతని గట్టి నమ్మకం. నిజానికి వాళ్ళు చూసేది అతని వెనకనున్న గడియారాన్ని.

స్కాన్ చేసే డాక్టరమ్మ ఒక్కొక్క రోగి పొట్టా చూసి, చిన్న మైకులో నాలుగు ముక్కలు చెప్పి వదిలేసేది. "మగమనిషి, అన్నీ నార్మల్." అంతే. ఆ నాలుగు ముక్కల్ని పట్టుకుని మెయిలు ఒక పేజీ నింపాలి. కాలేయం పరిమాణంలోనూ ఆకారంలోనూ సాధారణంగా ఉంది, పిత్తాశయం గోడలు సాధారణ మందంలో ఉన్నాయి, ప్లీహం ఇంత, మూత్రపిండాలు ఇంత... రోజంతా అదే పేజీ. కళ్ళు మూసుకుని, కుర్చీలో వెనక్కి వాలి, పదివేళ్ళూ ఆడిస్తూ కొట్టేవాడు. ఇంటికి వెళ్ళాక కూడా వేళ్ళు ఊరుకునేవి కావు. పక్కన పడుకున్న భార్య, "నా వీపు మీద ఏంటి రాస్తున్నావ్?" అంటే, "కాలేయం" అనేవాడు.

ఆ భార్య మేష్టారి కూతురే. ఇన్‌స్టిట్యూట్‌లో అందరికన్నా వేగంగా కొట్టేవాడికి మేష్టారు పిల్లనిచ్చారని ఊరంతా అనుకున్నారు, మెయిలు కూడా అలాగే అనుకున్నాడు. పిల్ల మాత్రం, "నువ్వు మిషన్ మీద తల వంచితే ఎత్తేవాడివి కాదు, ఇలాంటివాడైతే నా జోలికి రాడులే అని ఒప్పుకున్నా" అంటుంది. టైపు మేష్టారింట్లో పుట్టి టైపు నేర్చుకోనని మొండికేసిన మనిషి ఆవిడ. పెళ్ళయి ఎన్నేళ్ళయినా మెయిలు ఆయన్ని మావయ్యగారూ అనలేకపోయాడు. మేష్టారూ అనే పిలుపే నాలుకకి అలవాటైపోయింది.

బండి ఇలా సాఫీగా పోతుండగా, రెండో కుర్చీలో కూర్చునే అమ్మాయి ఉద్యోగం మానేసింది. ఆ కుర్చీలోకి బిల్లింగు కౌంటర్ నుంచి ఒకావిడని తెచ్చి కూర్చోబెట్టారు. సెంటర్లో అందరూ ఆవిణ్ణి బిల్లింగక్క అనేవారు. భారీ మనిషి, గొంతు ఇంకా భారీ. సొరుగు నిండా బిస్కెట్లు. టైపింగ్ రెండే వేళ్ళతో. కుడి చూపుడువేలు, ఎడమ చూపుడువేలు. ఒక్కో అక్షరాన్నీ వెతికి, దొరికాక దాన్ని నల్లిని నలిపినట్టు నొక్కేది.

మెయిలుకి ఆవిణ్ణి చూస్తే జాలేసింది. జాలి పడటం అతనికి ఇష్టమైన పనే.

"అక్కా, మీరేం కంగారు పడకండి. మధ్యాహ్నం తిన్నాక కాసేపు కూర్చుంటే మొదటి పాఠం నుంచి చెప్తాను. ఆర్నెల్లలో చెయ్యి తిరుగుతుంది."

"ఆర్నెల్లా! వద్దు నాయనా, నాకంత ఓపిక లేదు. నేను ఒట్టి బద్ధకం మనిషిని" అందావిడ బిస్కెట్ కొరుకుతూ.

కొన్నాళ్ళు గడిచాయి. ఒక విచిత్రం మెల్లగా అతని కళ్ళబడింది. సాయంత్రానికి తన ట్రేలో ఎన్ని కవర్లు ఉంటున్నాయో ఆవిడ ట్రేలోనూ అన్నీ ఉంటున్నాయి. ఒక్కోరోజు ఎక్కువే ఉంటున్నాయి. మధ్యలో ఆవిడ ఫోన్లో చెల్లెలితో మాట్లాడుతుంది, కిటికీ దగ్గరికి వెళ్ళి వరండాలో ఎవరెవరొచ్చారో చూస్తుంది, కుర్చీలోనే చిన్న కునుకు తీస్తుంది. ఆ గది నుంచి వచ్చే టకటకలన్నీ మెయిలువే. కవర్లు మాత్రం ఇద్దరివీ.

రిపోర్టుల్లో సగం అవయవాలు ఎగ్గొడుతోందేమో అనుకున్నాడు. ఆవిడ చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు ట్రేలోంచి ఒక కాగితం లాగి చదివాడు. కాలేయం నుంచి మూత్రాశయం దాకా అన్నీ ఉన్నాయి. ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. అతను కాగితాన్ని ఎంత జాగ్రత్తగా తీశాడో అంత జాగ్రత్తగానూ పెట్టేసి, తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

మర్నాడు భోజనాల వేళ ఇక ఆగలేకపోయాడు. "అక్కా, సరదాగా ఒక పందెం వేసుకుందామా? ఒకే రిపోర్టు. ఎవరు ముందు కొడితే వాళ్ళు."

"సరదాకేగా? వేసుకుందాం. కాని నన్ను నిలబెట్టొద్దు, మోకాళ్ళ నొప్పి" అందావిడ.

మధ్యవర్తిగా ఉండటానికి డాక్టరమ్మ ఒప్పుకుంది. ఇద్దరు నర్సులు, రిసెప్షన్ మనిషి, వాచ్‌మన్ కూడా గదిలోకి దూరారు. మెయిలు చొక్కా చేతులు పైకి మడిచాడు. వేళ్ళు విరిచాడు. కళ్ళు కూడా మూసుకున్నాడు. డాక్టరమ్మ, "మగమనిషి, అన్నీ నార్మల్, కానివ్వండి" అంది.

అతను కాలేయం దాటాడు. ఆ రోజు వేళ్ళు గాల్లో తేలుతున్నట్టున్నాయి, తన జీవితంలోనే అంత వేగంగా ఎప్పుడూ కొట్టలేదనిపించింది. పిత్తాశయం గోడల దగ్గరికి వచ్చేసరికి ఎవరో నవ్వారు. తన వేగానికి ముచ్చటపడి నవ్వారనుకుని ఇంకాస్త జోరు పెంచాడు. ప్లీహంలోకి అడుగు పెడుతుండగా ప్రింటర్ కర్రుమంది. కళ్ళు తెరిచాడు. బిల్లింగక్క ప్రింటయిన కాగితం డాక్టరమ్మ చేతికిచ్చి, రెండో బిస్కెట్ తీస్తోంది.

"ఏం చేశారు మీరు?" అన్నాడు.

"ఏముంది? ఒకసారి కొట్టిన మాట మళ్ళీ కొట్టాలంటే నాకు ఏడుపొస్తుంది మెయిలుగారూ. అందుకని మొత్తం పేజీ ఒక్కసారి కొట్టి దాచి, దానికో గుర్తు పెట్టుకున్నా. కామా కొట్టి, పీ కొట్టి, ఒకటి కొడితే మగవాళ్ళ పొట్ట. పక్కన రెండు కొడితే ఆడవాళ్ళ పొట్ట. పేజీ దానంతటదే దిగుతుంది. ఏదైనా తేడా ఉంటే ఆ ఒక్క ముక్కా మార్చుకుంటా."

"ఇది టైపింగ్ కాదు. అతికించడం."

"అవును" అందావిడ, కాస్త కూడా నొచ్చుకోకుండా.

"రేపు కరెంటు పోతే ఏం చేస్తారు?"

"కరెంటు పోతే మీరేం చేస్తారు?"

అందరూ గొల్లుమన్నారు. మెయిలుకి తల కొట్టేసినట్టయింది. మడిచిన చొక్కా చేతులు కిందికి దించుకుని, మిగిలిన ప్లీహాన్నీ రెండు మూత్రపిండాలనీ ఎవరూ చూడకపోయినా పూర్తిచేశాడు. సగంలో వదలడం అతనికి చేతకాదు.

వారం రోజులు ఆవిడతో ముభావంగా ఉన్నాడు. విద్య వేరు, గారడీ వేరు అని భార్యకి పదే పదే చెప్పాడు. ఆవిడ "ఊఁ" కొట్టింది. ఆ వారంలోనే ఒకరోజు జనం విరగబడి వచ్చారు. సాయంత్రానికి అతని మణికట్లు లాగేశాయి, బిల్లింగక్క మాత్రం సంచీ సర్దుకుని చెల్లెలింటికి బయల్దేరుతోంది. అతను గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, మా చుట్టాలబ్బాయి ఒకడు ఇలాంటి ఉద్యోగంలోనే ఉన్నాడు. ఆ గుర్తులు పెట్టుకోవడం ఎలాగో కనుక్కోమని ప్రాణం తీస్తున్నాడు."

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. సంచీ కింద పెట్టింది. "ఆ చుట్టాలబ్బాయిని ఇలా వచ్చి నా కుర్చీలో కూర్చోమనండి" అంది.

నేర్చుకోవడానికి పట్టింది పావుగంట. అసలైన అవమానం అదేనని అతను ఇప్పటికీ అంటాడు. తన పేజీ తనే టైపు చేసి దాచుకోవచ్చు కదా, అంత వేగం ఉన్నవాడు. చెయ్యలేదు. బద్ధకం అంటుకోవడానికి కూడా పావుగంట చాలింది. ఆవిడ దాచుకున్న పేజీలనే ఉన్నవి ఉన్నట్టు తన కంప్యూటర్లోకి తెచ్చుకున్నాడు. పీ వన్ మగవాళ్ళకి, పీ టూ ఆడవాళ్ళకి. "ఎవరికీ చెప్పొద్దక్కా" అన్నాడు. "చుట్టాలబ్బాయి సంగతి నాకెందుకు?" అందావిడ.

ఇక్కడ ఇంకో చిక్కు వచ్చిపడింది. గదిలో చప్పుడు పోయింది. మొదటి రోజు మధ్యాహ్నానికే డాక్టరమ్మ తలుపు తీసి, "మెయిలుగారు రాలేదా ఇవాళ?" అని అడిగింది. అతను ఎదురుగానే ఉన్నాడు. ఆ మాట అతనికి సూదిలా గుచ్చుకుంది. ఇన్నేళ్ళుగా సంపాదించుకున్న పేరు ఒక్కపూటలో ఆవిరైపోతే ఎలా? బాగా ఆలోచించి ఒక ఉపాయం పన్నాడు. రిపోర్టు మీట నొక్కి దించేయడం, ప్రింటుకి పంపబోయే ముందు పక్కన ఒక ఖాళీ పేజీ తెరిచి, అందులో ఉత్తినే, పదివేళ్ళతో, జోరుగా కొట్టడం. ఇంతసేపు కొడితే ఒక రిపోర్టు అయి ఉంటుందనిపించేదాకా కొట్టి, అప్పుడు ప్రింటు ఇవ్వడం. అంటే ఒక రిపోర్టుకి అంతకు ముందు ఎంత సమయం పట్టేదో ఇప్పుడూ అంతే పట్టేది. కాకపోతే ఇప్పుడు అతను కొట్టిందల్లా సాయంత్రం చెత్తబుట్టలోకి పోయేది. బిల్లింగక్క ఇదంతా చూసి, నుదురు కొట్టుకుని, మళ్ళీ కునుకులోకి జారుకునేది.

అలాంటి రోజుల్లో మేష్టారికి నడుములో పోటు మొదలైంది. ఇన్‌స్టిట్యూట్ మూసేసి చాలా కాలమైంది, ఆయన ఇంటిపట్టునే ఉంటున్నారు. వాళ్ళ డాక్టరు పొట్ట స్కాన్ చేయించమన్నాడు. "వేరే ఎక్కడికో ఎందుకు మేష్టారూ, మా సెంటర్ ఉండగా" అని మెయిలే పట్టుబట్టి తీసుకొచ్చాడు. నొప్పి మీద జాలి ఎంతో, తను పనిచేస్తుంటే ఆయన చూడాలన్న ఉబలాటం కూడా అంతే.

స్కానయింది. మేష్టారు బయటికొచ్చి, సరిగ్గా అద్దం కిటికీ ఎదురుగా ఇనప కుర్చీలో కూర్చున్నారు. మెయిలు చెవిలో డాక్టరమ్మ గొంతు వినబడింది. "మగమనిషి. ఎడమ కిడ్నీలో చిన్న రాయి. మిగతావన్నీ నార్మల్."

మెయిలు నిటారుగా కూర్చున్నాడు. చూపు అద్దంలోంచి మేష్టారి మీద నిలిపాడు. మీటల వైపు చూడకూడదు, అది ఆయన నేర్పిన మొదటి నియమం. తెర వైపు చూడటానికి అతనికి తీరిక లేదు, మేష్టారి ముఖంలో మెప్పు ఎప్పుడు వస్తుందా అని చూడాలి కదా. కామా కొట్టాడు, పీ కొట్టాడు, అంకె కొట్టాడు. పేజీ దిగింది. మూత్రపిండాల దగ్గరికి వెళ్ళి రాయి సంగతి చెప్పే వాక్యం చేత్తో కొట్టాడు. దాని కింద ఏముందో తెర మీదికి రానేలేదు. ఆ తర్వాత ఖాళీ పేజీ తెరిచి, ఎన్నడూ లేనంత జోరుగా వాయించాడు. మేష్టారు కళ్ళు మూసుకుని తల కాస్త పక్కకి వాల్చి విన్నారు. మెయిలు ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

కాగితం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ తను చెప్పిన తేడా ఒక్కటీ పడిందో లేదో చూసింది. ఎడమ మూత్రపిండంలో చిన్న రాయి. సరిగ్గానే ఉంది. సంతకం పెట్టింది. కవరు సందులోంచి మేష్టారి చేతికి వెళ్ళింది.

సాయంత్రం భార్యకి పుట్టింటి నుంచి ఫోన్ వచ్చింది. "నాన్న నిన్ను రమ్మంటున్నారు. ఇప్పుడే" అంది. "ఏంటట?" అంటే, "ఏమో, అమ్మ నవ్వుతూనే ఉంది, మాట అర్థం కాలేదు" అంది. ఇద్దరూ వెళ్ళారు.

మేష్టారు ముందుగదిలో కూర్చుని ఉన్నారు. బల్ల మీద రిపోర్టు. దాని పక్కన కళ్ళజోడు.

"రండి అల్లుడుగారూ. కూర్చోండి" అన్నారు.

గారూ అనగానే మెయిలు కుర్చీ అంచున సర్దుకుని కూర్చున్నాడు. మేష్టారికి ప్రేమ పుడితే ఏమోయ్ అంటారు, కోపమొస్తేనే మర్యాదలు మొదలవుతాయి.

"ఇది కాస్త చదివి పెట్టండి. పైకి."

మెయిలు చదివాడు. కాలేయం, పిత్తాశయం, ప్లీహం, మూత్రపిండాలు, రాయి. మూత్రాశయం. ఆ తర్వాతి మాట దగ్గర ఆగిపోయాడు.

"ఆగారేం? మెయిలు మధ్యలో ఆగదుగా?"

"గర్భాశయం..." అన్నాడు మెయిలు నీళ్ళు నములుతూ, "పరిమాణంలోనూ ఆకారంలోనూ సాధారణంగా ఉంది."

వంటింట్లోంచి అత్తగారి గొంతు వచ్చింది. "ఆ సంగతి ముందే తెలిస్తే రెండో కాన్పు ఆయనకే వదిలేసేదాన్ని కదయ్యా!"

భార్య గోడకి ఆనుకుని కిందికి జారిపోయి మరీ నవ్వుతోంది. మెయిలు ఏ దిక్కు చూడాలో తెలియక రిపోర్టునే చూస్తున్నాడు. అది ఇంకా సాధారణంగానే ఉంది.

"క్షమించండి మేష్టారూ. చెయ్యి జారింది. తొందరలో..."

"చెయ్యి జారితే ఏమవుతుందో నాకు తెలుసు" అన్నారు మేష్టారు. "జీవితమంతా జారిన చేతులే దిద్దాను. చెయ్యి జారితే ఒక అక్షరం పోతుంది. ఎక్కువైతే ఒక మాట పోతుంది. ఆడా మగా తేడా పోదు. ఇది నువ్వు కొట్టింది కాదు. ఎక్కడి నుంచో ఎత్తి తెచ్చి పెట్టావ్."

నువ్వు అనే మాట వినపడగానే మెయిలుకి కొంచెం ఊపిరాడింది. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. బిల్లింగక్క గుర్తులు, పందెం, ఒకటికీ రెంటికీ ఉన్న తేడా. చుట్టాలబ్బాయి సంగతి మాత్రం దాచాడు.

"అంకెల వరసలో నీకెప్పుడూ తడబాటే" అన్నారు మేష్టారు. "మీటలు చూడకుండా కొట్టమన్నాను గాని, ఏం కొట్టావో కూడా చూడొద్దన్నానా? సరే, అదొకటి. మరి ఆ చప్పుడేంటి?"

"ఏ చప్పుడండీ?"

"నేను కళ్ళు మూసుకుని విన్నానుగా. నా పొట్ట గురించి రాస్తున్నావనుకున్నా. కాస్సేపటికి నాకు అనుమానమొచ్చింది. ఏ ఎస్ డీ ఎఫ్, సెమికోలన్ ఎల్ కే జే. మళ్ళీ మళ్ళీ అదే దరువు. అది మొదటి రోజు పాఠం! చేరిన పిల్లలు కొట్టే పాఠం ఈయన ఇప్పుడెందుకు కొడుతున్నాడు, మతిగాని పోయిందా అనుకున్నా."

మెయిలు తల ఎత్తలేదు. "చప్పుడు రావాలని, మేష్టారూ" అన్నాడు చిన్నగా.

"ఏంటీ?"

"చప్పుడు లేకపోతే నేను పని చెయ్యట్లేదనుకుంటారని."

గదిలో నవ్వు ఆగిపోయింది. తిడతారేమోనని మెయిలు భుజాలు దగ్గరికి ముడుచుకున్నాడు. మేష్టారు కళ్ళజోడు పెట్టుకుని, కాగితం దగ్గరికి లాక్కుని, ఒక వాక్యం మీద వేలు పెట్టారు. రాయి గురించిన వాక్యం.

"ఇదొక్కటి నీది."

"ఎలా తెలిసిందండీ?"

"దీని చివర చుక్క తర్వాత రెండు ఖాళీలున్నాయి. మిగతా పేజీ అంతా ఒక్కటే ఖాళీ. చుక్క పెడితే రెండు ఖాళీలు వదలమని నేను చెప్పిందే కదా? ఇప్పుడెవరూ వదలట్లేదు. బాగానే కొట్టావ్ ఇది." కాగితం మడిచి కవర్లో పెట్టారు. "రేపొద్దున్నే వెళ్ళి మీ డాక్టరమ్మకి చెప్పు. నాకు గనక నవ్వుకున్నాం. ఇంకొకళ్ళకైతే ఏమయ్యేదో."

తిరిగి వస్తుంటే దారిలో భార్య అతని చెయ్యి పట్టుకుంది. ఓదారుస్తుందనుకున్నాడు. "ఒక మాట చెప్తా, బాధపడకు. పొద్దుట్నుంచీ నువ్వు ఫోన్లో పొడుగు పొడుగు మెసేజీలు పెడతావే, నేను 'అలాగే, జాగ్రత్త, త్వరగా వచ్చేయ్' అని వెంటనే జవాబిస్తాను చూడు..."

"ఊఁ?"

"అది ఒక్క మీట. ఎప్పుడో పెట్టుకున్నా."

మర్నాడు డాక్టరమ్మ గదిలో అతను నిలబడి చెప్పిందంతా ఆవిడ విన్నది. అరుస్తుందని సిద్ధపడి వెళ్ళాడు. ఆవిడ అరవలేదు. "కింద సంతకం నాది కదండీ" అంది. "నేను చెప్పిన తేడా ఒక్కటీ తప్ప మిగతాది చదవట్లేదు." అతను ఆ గుర్తులు వాడటం మొదలుపెట్టినప్పటి నుంచి వెళ్ళిన ప్రతి రిపోర్టూ తీసి చదవమంది. చదివాక గాని కొత్తది కొట్టడానికి వీల్లేదంది.

మెయిలూ బిల్లింగక్కా పక్కపక్కన కూర్చుని చదివారు. "మా చెల్లెలు ఎదురుచూస్తుంటుంది" అని ఆవిడ గొణిగింది గాని కుర్చీలోంచి లేవలేదు. అలా చదువుతుంటే తెలిసింది, ఇన్నేళ్ళూ అతను ఆ పేజీని కొట్టాడే తప్ప ఎన్నడూ చదవలేదని. ప్లీహం ఎటువైపు ఉంటుందో కూడా అతనికి తెలియదు. బిల్లింగక్కని అడిగాడు. ఆవిడా తన పొట్ట మీద రెండు వైపులా తడుముకుని, "అడుగుదాం ఉండండి" అంది.

ఇంకొక్క తప్పు దొరికింది. ఈసారి తిరగబడింది, ఒక గృహిణి రిపోర్టులో మగవాళ్ళకి మాత్రమే ఉండే ప్రోస్టేటు గ్రంథి ఉంది. మెయిలే ఫోన్ చేశాడు.

"అమ్మా, మీ రిపోర్టులో చిన్న పొరపాటు జరిగిందండీ. ప్రోస్టేటు అని ఒక గ్రంథి పడింది. అది మీకు ఉండదు."

"ఓ, అదా!" అంది ఆవిడ. "మావారిది కలిసిపోయిందేమో అనుకుని ఆయన ఫైల్లో పెట్టేశానండీ. సాధారణంగా ఉందన్నారుగా, ఆయన చాలా సంతోషించారు. ఇప్పుడు కాదంటే మళ్ళీ బెంగ పెట్టుకుంటారు. ఉండనివ్వకూడదూ?"

ఉండనివ్వడానికి వీల్లేదని నచ్చజెప్పి, కొత్త రిపోర్టు వాళ్ళింటికి తనే తీసుకెళ్ళి ఇచ్చి వచ్చాడు. ఆ భర్త కూడా స్కాన్ చేయించుకోవాల్సి వచ్చింది, అది వేరే సంగతి.

అప్పటి నుంచి సెంటర్లో ఒక పద్ధతి వచ్చింది. రిపోర్టు కొట్టినా, దించినా, ప్రింటు ముందు ఒకరు పైకి చదవాలి, రెండోవాళ్ళు వినాలి. గదిలో టకటకల బదులు ఇప్పుడు మెయిలు గొంతు వినపడుతుంది, "కాలేయం సాధారణం, పిత్తాశయం సాధారణం" అని, పాఠం అప్పజెప్పే పిల్లాడిలా. టైపింగ్ పనికి డాక్టరమ్మ బిల్లింగక్కని పెద్దని చేసింది. సెలవు కావాలంటే అతను ఆవిణ్ణి అడగాలి. ఆవిడ బిస్కెట్ చేతికిచ్చి మరీ సెలవిస్తుంది, అదే అతనికి ఎక్కువ మండుతుంది.

కొన్నాళ్ళకి రాయి సంగతేంటో చూపించుకోవడానికి మేష్టారు మళ్ళీ వచ్చారు. రాయి లేదు, ఎప్పుడో పోయింది. మెయిలు ఆ రిపోర్టు ఆయన ముందే మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాడు. లేనివేవీ రాలేదు. మేష్టారు వెళ్ళిపోకుండా అక్కడే తచ్చాడి, బిల్లింగక్క కుర్చీ దగ్గర ఆగారు.

"అమ్మా, ఆ గుర్తు ఏదో నన్నొకసారి నొక్కనిస్తావా?"

ఆవిడ లేచి కుర్చీ ఇచ్చింది. ఆయన మీటల మీద చేతులు పెట్టారు. వేళ్ళు కణుపుల దగ్గర వాచి బిగుసుకుపోయాయి, నాలుగో వేలూ చిటికెన వేలూ లేవనే లేదు. మేష్టారు టైపు కొట్టి ఎంత కాలమైందో తను ఎప్పుడూ అడగలేదని మెయిలుకి అప్పుడు గుర్తొచ్చింది. ఆయన చూపుడువేలొక్కటే చాచి, వెతుక్కుని కామా, పీ, ఒకటి నొక్కారు. పేజీ మొత్తం తెర మీద ధబాలున దిగింది. మేష్టారు ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. తర్వాత నోరు తెరిచి నవ్వారు, కళ్ళలో నీళ్ళొచ్చేలా.

"ఇంకోసారి" అన్నారు.

ఇంకోసారి నొక్కారు. ఆ తర్వాత ఇంకోసారి. ఖాళీ పేజీ మీద ఎవరిదీ కాని పొట్టలు వరసగా దిగుతున్నాయి.

"ఏమోయ్" అన్నారు తెర మీంచి చూపు తిప్పకుండానే, "మరి దీనికి నీ పది వేళ్ళూ ఎందుకోయ్?"

"అదే నాకూ తెలీట్లేదు మేష్టారూ" అన్నాడు మెయిలు.

బయట నీళ్ళ సీసాలు పట్టుకున్నవాళ్ళు అద్దం మీద తట్టారు. బిల్లింగక్క మేష్టారిని భుజం పట్టి మెల్లగా లేపింది. మెయిలు తన కుర్చీలో కూర్చుని, చెవికి ఇయర్‌ఫోన్ తగిలించుకుని, తర్వాతి మనిషి ఆడా మగా అని ముందుగా కిటికీలోంచి తొంగిచూశాడు.